చెవిలో చెప్పిన మాట: అమెరికన్ సినిమాలో స్వలింగ ప్రేమ చిత్రణ – నిర్మాణ నియమావళి ప్రభావం (1934–1961)

అమెరికన్ సినిమాలో లైంగికత చిత్రణ చరిత్రను నిషేధం నుంచి స్వేచ్ఛ వైపు సాగిన ప్రయాణంగా చెప్పడం పరిపాటి. 1896లో ఎడిసన్ సంస్థ తీసిన నిమిషం కూడా నిడివి లేని ‘ద కిస్’ మొదలుకొని, 1934లో బిగిసిన నియమావళి మీదుగా, 1968లో వచ్చిన వర్గీకరణ పద్ధతి వరకు ఈ కథను ఒక గీతలా గీయవచ్చు. అందులో వాస్తవం లేకపోలేదు. అయితే తెరపై ఎంత చూపారు అనే ప్రశ్న ఒక్కదానితోనే ఈ చరిత్రను కొలిచినప్పుడు ఇంకొక ప్రశ్న మరుగున పడుతుంది. దాచిన విషయాన్ని బయటికి చెప్పడానికి అనుమతి లభించినప్పుడు, ఆ విషయాన్ని మోసిన పాత్రకు పట్టిన గతి ఏమిటి?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సినిమా చరిత్రలో ఒక అరుదైన ఉదాహరణ ఉంది. లిలియన్ హెల్మన్ రాసిన ‘ద చిల్డ్రన్స్ అవర్’ నాటకాన్ని దర్శకుడు విలియం వైలర్ పాతికేళ్ళ వ్యవధిలో రెండుసార్లు సినిమాగా తీశాడు. 1936లో తీసిన ‘దీజ్ త్రీ’లో స్వలింగ ప్రేమ ప్రసక్తే లేదు. 1961లో నాటకం పేరుతోనే తీసిన చిత్రంలో అది ఉంది. కథ ఒకటే, దర్శకుడు ఒకడే. మారింది అనుమతి మాత్రమే. ఆ మార్పు విలువ ఎంతో ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చూడడమే ఈ వ్యాస విషయం.

నియమావళి నేపథ్యం

అమెరికాలో సినిమాపై నియంత్రణ మొదట స్థానిక ప్రభుత్వాల చేతిలో ఉండేది. 1907లో షికాగో నగరం పోలీసు అనుమతి లేనిదే చిత్రాలు ప్రదర్శించరాదని ఆదేశించింది. పెన్సిల్వేనియా, ఒహైయో వంటి రాష్ట్రాలు సెన్సార్ చట్టాలు చేశాయి. ఒహైయో చట్టాన్ని సవాలు చేస్తూ మ్యూచువల్ ఫిల్మ్ సంస్థ వేసిన దావాలో 1915లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు తరువాతి నాలుగు దశాబ్దాల చరిత్రను నిర్ణయించింది. సినిమా ప్రదర్శన లాభం కోసం సాగే వ్యాపారమే తప్ప వాక్ స్వాతంత్ర్యం కిందికి వచ్చే భావప్రకటన కాదని న్యాయస్థానం భావించింది. ఈ తీర్పుతో చిత్ర నిర్మాతలకు ఒక్కటే దారి మిగిలింది. ప్రభుత్వం కత్తెర పట్టకముందే తమ కత్తెరను తామే పట్టుకోవడం.

1921లో హాస్యనటుడు రాస్కో ఆర్బకల్ చుట్టూ చెలరేగిన అపవాదు పరిశ్రమను కలవరపరచింది. మరుసటి ఏడాది నిర్మాతలు, పంపిణీదారులు ఒక సంఘంగా ఏర్పడి, అంతవరకు పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్న విల్ హేస్‌ను అధ్యక్షుడిగా పిలుచుకున్నారు. 1927లో ఆ సంఘం 11 నిషేధాలతో, 25 జాగ్రత్తలతో ఒక జాబితా తయారుచేసింది. 1930లో పత్రికాధిపతి మార్టిన్ క్విగ్లీ, జెస్యూట్ మతాచార్యుడు డేనియల్ లార్డ్ రూపొందించిన నిర్మాణ నియమావళిని పరిశ్రమ ఆమోదించింది. అయితే ఆమోదం వేరు, ఆచరణ వేరు. అదే ఏడాది ‘మొరాకో’లో మార్లీన్ డీట్రిచ్ పురుషుల కోటు, టోపీ ధరించి ప్రేక్షకులలో ఉన్న ఒక స్త్రీ పెదవులపై ముద్దు పెట్టింది. 1933లో ‘బేబీ ఫేస్’ నాయిక పై అధికారులను ఒక్కొక్కరినే వలలో వేసుకుంటూ అంతస్తు తరువాత అంతస్తు ఎక్కింది. 1927లో న్యూయార్క్‌లో తన నాటకానికి జైలు శిక్ష అనుభవించిన మే వెస్ట్, ఆరేళ్ళు తిరిగేసరికి హాలీవుడ్‌లో అత్యంత జనాదరణ గల తారలలో ఒకతె అయింది.

1934లో పరిస్థితి మారింది. కాథలిక్కులు ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ పేరుతో చేపట్టిన బహిష్కరణ ఉద్యమానికి పరిశ్రమ జడిసింది. జోసెఫ్ బ్రీన్ అధ్యక్షతన నియమావళి అమలు కార్యాలయం ఏర్పడింది. దాని ముద్ర లేని చిత్రాన్ని విడుదల చేసిన సభ్య సంస్థకు 25,000 డాలర్ల జరిమానా. జరిమానా కన్నా బలమైన అంశం మరొకటి ఉంది. నగరాలలోని ప్రధాన థియేటర్లు పెద్ద స్టూడియోల సొంతం. ముద్ర లేని చిత్రానికి ఆ తలుపులు తెరుచుకోవు. నియమావళి నీతిశాస్త్రంలా మాట్లాడినా దాని బలమంతా థియేటర్ల యాజమాన్యంలో ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆ యాజమాన్యం చేజారినప్పుడు నీతి కూడా సడలింది.

ఈ నియమావళి స్వలింగ ప్రేమను పేరు పెట్టి ప్రస్తావించలేదు. ‘లైంగిక వికృతి’ అన్న మాట వాడి, అది గాని, దాని సూచన గాని తెరపై ఉండరాదని శాసించింది. వ్యభిచారం, అక్రమ సంబంధం వంటివి కథకు అవసరమైతే, వాటిని సమర్థించకుండా చూపవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. దోషంగా చూపడానికైనా వీలు లేని దోషం ఇది.

ఎడిన్‌బరో నుంచి న్యూయార్క్‌కు

హెల్మన్ నాటకానికి మూలం స్కాట్లాండ్‌లో జరిగిన ఒక వ్యాజ్యం. 1810లో ఎడిన్‌బరోలో ఇద్దరు ఉపాధ్యాయినులు నడుపుతున్న బాలికల పాఠశాలలో చదివే ఒక అమ్మాయి, వారిద్దరి మధ్య శారీరక సంబంధం ఉందని తన నాయనమ్మతో చెప్పింది. ఆ నాయనమ్మ డేమ్ హెలెన్ కమింగ్ గోర్డన్. ఆమె మాట మీద తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు. పాఠశాల మూతపడింది. ఉపాధ్యాయినులు పరువు నష్టం దావా వేశారు. ఆ దావా సాగి సాగి 1819లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో వారికి అనుకూలంగా ముగిసింది. అప్పటికి వారి జీవనాధారం ఏనాడో పోయింది.

ఈ వ్యాజ్యంలో భారతీయ పాఠకుల దృష్టిని ఆకర్షించే అంశం ఒకటి ఉంది. ఆరోపణ చేసిన జేన్ కమింగ్ భారతదేశంలో పుట్టిన పిల్ల. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, తల్లి భారతీయ స్త్రీ. విచారణలో ఈ విషయం పదేపదే చర్చకు వచ్చింది. ఇటువంటి సంగతులు గౌరవనీయులైన బ్రిటిష్ స్త్రీలకు తెలిసే అవకాశం లేదనీ, ఆ పిల్ల భారతదేశంలో గడిచిన బాల్యంలో దాసీల నోట విని ఉంటుందనీ వాదన సాగింది. స్వదేశంలో ఉందని ఒప్పుకోవడానికి ఇష్టం లేని దానిని వలస దేశపు లెక్కలో రాయడం ఆనాటి పాలకుల అలవాటే. ఉపాధ్యాయినుల నిర్దోషిత్వానికి ఆ విధంగా ఒక పరాయి దేశపు పరువు మూల్యమైంది.

ఈ వ్యాజ్యం గురించి విలియం రఫ్‌హెడ్ రాసిన వ్యాసం 1930లో పుస్తకంలో వచ్చింది. దానిని హెల్మన్ దృష్టికి తెచ్చినవాడు నవలా రచయిత డాషియల్ హామెట్. హెల్మన్ కథను సమకాలిక అమెరికాకు మార్చింది. జేన్ కమింగ్ మేరీ టిల్‌ఫర్డ్ అయింది. భారతీయ జన్మ కథలో నుంచి పూర్తిగా తొలగిపోయింది. ఆ మార్పుతో నాటకం ఒక జాతి దురభిమానాన్ని వదిలించుకున్న మాట నిజం. కాని మూలంలో ఆ బాలిక కూడా వెలివేతకు గురైనదేనన్న స్ఫురణ సైతం దానితో పాటే పోయింది. నాటకంలోని మేరీకి దుష్టత్వం తప్ప వేరే కారణం మిగలలేదు.

నాటకం 1934 నవంబరులో బ్రాడ్వేలో మొదలై 691 ప్రదర్శనలు పొందింది. అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో రంగస్థలంపై స్వలింగ సంబంధాల ప్రస్తావన చట్టరీత్యా నేరం. నాటకం పొందిన ఆదరణ చూసి అధికారులు చూసీ చూడనట్లు ఊరుకున్నారు. బోస్టన్, షికాగో నగరాలు మాత్రం అనుమతించలేదు.

‘దీజ్ త్రీ’: దిశ మారిన ప్రేమ

నాటకం హక్కులను నిర్మాత శామ్యూల్ గోల్డ్విన్ కొన్నాడు. పేరు వాడకూడదు, ఆ నాటకం ఆధారమని ప్రకటించకూడదు, వస్తువు ఛాయ కూడా ఉండకూడదు అన్న షరతుల మీద బ్రీన్ కార్యాలయం అంగీకరించింది. డబ్బు పోసి కొన్న ప్రసిద్ధి చెప్పుకోవడానికి వీలు లేని ప్రసిద్ధి అయింది. చిత్రానువాదం హెల్మన్ స్వయంగా రాసింది.

ఆమె చేసిన మార్పు చిన్నది. నాటకంలో కారెన్, మార్తా అనే ఇద్దరు స్నేహితురాళ్ళు పాఠశాల నడుపుతారు. కారెన్‌కు డాక్టర్ జో కార్డిన్‌తో పెళ్ళి నిశ్చయమై ఉంటుంది. ఇద్దరు స్త్రీలూ ప్రేమికులని మేరీ అబద్ధం చెబుతుంది. సినిమాలో ఆ అబద్ధం మార్తాకు, జోకు మధ్య సంబంధంగా మారింది. మిగిలిన నిర్మాణం దాదాపు అంతా అలాగే నిలిచింది. నానమ్మ నమ్మడం, పిల్లలు వెళ్ళిపోవడం, దావా ఓడిపోవడం ఏదీ మారలేదు. ఇంకా గమనించవలసింది మరొకటి ఉంది. రెండింటిలోనూ మార్తాకు ఎవరికీ చెప్పుకోలేని ప్రేమ ఉంది. నాటకంలో ఆ ప్రేమ కారెన్ మీద, సినిమాలో జో మీద. ప్రేమ అలాగే ఉంది, దాని దిశ మాత్రం తిరిగింది.

అబద్ధం ఒక సమాజంలో పనిచేసే తీరే తన నాటక వస్తువని, స్త్రీల మధ్య ప్రేమ కాదని హెల్మన్ తరువాత కూడా చెబుతూ వచ్చింది. ‘దీజ్ త్రీ’ సాఫల్యం ఆ మాటను బలపరుస్తున్నట్లే కనిపిస్తుంది. చిత్రం విమర్శకుల మెప్పు పొందింది. మేరీగా నటించిన బొనీటా గ్రాన్విల్ ఆస్కార్ పోటీలో నిలిచింది. కాని ఆ మాటను యథాతథంగా అంగీకరించడం కష్టం. మార్తా జోను ప్రేమిస్తే అది దుఃఖం. కారెన్‌ను ప్రేమిస్తే, ఆ ప్రేమకు తన భాషలో పేరు లేదు గనుక, అది తనను గురించి తనకే భయం. ఒకటి కరుణ, మరొకటి భయానకం. వస్తువు మారలేదనడం రసం మారిందన్న సంగతిని విస్మరించడమే.

ఫలితం కూడా మారింది. ‘దీజ్ త్రీ’లో మార్తా బతుకుతుంది. నిజాన్ని రాబట్టి, కారెన్‌ను వియన్నాలో ఉన్న జో దగ్గరికి పంపేది ఆమే.

కారెన్ పాత్ర ధరించిన మెర్ల్ ఓబెరాన్ బొంబాయిలో పుట్టి కలకత్తాలో పెరిగిన ఆంగ్లో ఇండియన్. తెల్లవారికి, నల్లవారికి మధ్య లైంగిక సంబంధాన్ని నియమావళి నిషేధించిన కాలం అది. తన జన్మస్థలం టాస్మేనియా అని ఆమె ప్రకటించుకుంది, జీవితాంతం ఆ మాట మీదే నిలిచింది. భారతీయ తల్లికి పుట్టిన జేన్ కమింగ్‌ను తొలగించుకున్న కథ, భారతదేశపు మూలాలను దాచుకున్న నటి చేత తెరకెక్కింది. ఇది యాదృచ్ఛికమే. అయినా దాపరికం ఒక్క లైంగికతకే పరిమితం కాదని ఈ యాదృచ్ఛికం గుర్తుచేస్తుంది.

సూచన మీద నిషేధం

భారతీయ ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, నియమావళి అభిధతో పాటు వ్యంజనను కూడా నిషేధించింది. అభిధను నిషేధించడం సులభం. మాటను కొట్టివేస్తే సరిపోతుంది. వ్యంగ్యార్థం సహృదయుని మనసులో పుడుతుంది కనుక దానికి కత్తెర అందదు. అందువల్ల హాలీవుడ్ సినిమాలో స్వలింగ ప్రేమ ముప్పై ఏళ్ళ పాటు సూచనగానే బతికింది. 1941లో వచ్చిన ‘ద మాల్టీస్ ఫాల్కన్’లో జోయెల్ కైరో పాత్ర గురించి హామెట్ నవల తేటగా చెప్పిన విషయాన్ని సినిమా ఒక పరిమళం పూసిన కార్డుతో చెప్పింది. ‘రెబెకా’లో చనిపోయిన యజమానురాలి పలుచని దుస్తులను మిసెస్ డాన్వర్స్ తడిమి చూపే సన్నివేశానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. ధ్వని కవి తన ఇచ్ఛతో ఎన్నుకునే మార్గం. ఇది నిర్బంధంలో దొరికిన సందు. పైగా ఆ సందులో నుంచి బయటికి వచ్చిన పాత్రలు ఎక్కువగా నేరస్థులు, ఉన్మాదులు, హాస్యపాత్రలు. నియమావళి వల్ల సినిమా భాష సూక్ష్మమైందని ప్రశంసించే విమర్శకులున్నారు. ఆ ప్రశంస వాక్యరచనకు సంబంధించినంతవరకు సరైనదే. తమను తెరపై విలన్ల రూపంలో తప్ప చూసుకునే వీలులేని ప్రేక్షకుల వైపు నుంచి ఆ సూక్ష్మత ఖరీదును కూడా లెక్కించాలి.

కొన్నిచోట్ల సూచన కూడా మిగలలేదు. రిచర్డ్ బ్రూక్స్ నవల ‘ద బ్రిక్ ఫాక్స్‌హోల్’లో ఒక స్వలింగ ప్రేమికుడు ద్వేషం కారణంగా హత్యకు గురవుతాడు. దాని ఆధారంగా 1947లో వచ్చిన ‘క్రాస్‌ఫైర్’లో హతుడు యూదుడయ్యాడు. యూదు ద్వేషాన్ని నిరసించిన ఉత్తమ చిత్రంగా దానికి పేరు వచ్చింది. ఆ పేరు న్యాయమైనదే. ద్వేషం కథ నిలిచింది, ద్వేషానికి గురైనవాడు మాత్రం తన కథలో నుంచే తప్పుకోవలసి వచ్చింది.

1961: షరతులతో కూడిన అనుమతి

నియమావళి కూలిపోవడానికి కారణం అభిరుచుల మార్పు మాత్రమే కాదు. 1948లో సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోలు థియేటర్ల యాజమాన్యం వదులుకోవలసి వచ్చింది. 1952లో రోసెల్లినీ తీసిన ‘ద మిరకిల్’ వ్యాజ్యంలో 1915 నాటి తీర్పును పక్కనపెట్టి, సినిమా కూడా భావప్రకటనే అని న్యాయస్థానం గుర్తించింది. 1953లో ఓటో ప్రెమింజర్ ‘ద మూన్ ఈజ్ బ్లూ’ను ముద్ర లేకుండానే విడుదల చేసి లాభం గడించాడు. ముద్ర లేకపోయినా తలుపులు తెరుచుకుంటాయని తేలిన తరువాత నిషేధానికి ఆయువు తక్కువ.

1961 అక్టోబరులో నియమావళిని సవరించారు. వైలర్ రెండవ చిత్రాన్ని చేతిలో పెట్టుకున్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ, ‘అడ్వైజ్ అండ్ కన్సెంట్’ తీస్తున్న ప్రెమింజర్ తెచ్చిన ఒత్తిడి దీనికి ముఖ్య కారణం. స్వలింగ ప్రేమను జాగ్రత్తతో, సంయమనంతో చూపవచ్చునని సవరణ పేర్కొంది. ‘వికృతి’ అన్న భావన మాత్రం మారలేదు. ఆ షరతు అర్థం ఏమిటో వెంటనే తెలిసింది. డర్క్ బోగార్డ్ నటించిన బ్రిటిష్ చిత్రం ‘విక్టిమ్’ స్వలింగ ప్రేమికులను నేరస్థులుగా చూసే చట్టాన్ని ప్రశ్నించింది. దానికి ముద్ర నిరాకరించారు. చట్టాన్ని ప్రశ్నించని రెండు అమెరికన్ చిత్రాలకు దారి దొరికింది. ఆ రెండింటిలోనూ స్వలింగ ప్రేమ నీడ పడిన పాత్ర ఆత్మహత్య చేసుకుంటుంది.

1961 నాటి ‘ద చిల్డ్రన్స్ అవర్’లో కారెన్‌గా ఆడ్రీ హెప్‌బర్న్, మార్తాగా షర్లీ మెక్లీన్ నటించారు. 1936లో మార్తాగా నటించిన మిరియమ్ హాప్కిన్స్ ఇందులో మార్తా మేనత్తగా కనిపిస్తుంది. తన పాత పాత్రను నిందించే మాటలను ఇప్పుడు ఆమే పలుకుతుంది. మేరీ ఆ ఆరోపణను కారులో నాయనమ్మ చెవిలో చెబుతుంది. ప్రేక్షకులకు వినిపించదు, వృద్ధురాలి ముఖంలో మార్పు మాత్రం కనిపిస్తుంది. అనుమతి వచ్చిన తరువాత కూడా చిత్రం ఆ మాటను పలకలేదు. బ్రిటన్‌లో దీనిని ‘ద లౌడెస్ట్ విస్పర్’, అంటే అన్నిటికన్నా పెద్ద గుసగుస, అన్న పేరుతో విడుదల చేయడం ఎంతో సముచితం.

మార్తా తన ప్రేమను చివరికి ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు ప్రేమ నివేదనలా ఉండదు, రోగి తన రోగాన్ని గుర్తించినట్లు ఉంటుంది. కొద్దిసేపటికే ఉరివేసుకుంటుంది. నాటకంలోనూ ఆమె చనిపోతుంది కనుక ఈ ముగింపును నియమావళికి మాత్రమే ఆపాదించడం సబబు కాదు. 1934 నాటి రంగస్థలానికి, 1961 నాటి తెరకు మధ్య ఏకాభిప్రాయం అంత గాఢమైనదని మాత్రం చెప్పవచ్చు. షూటింగ్ జరుగుతున్నప్పుడు ఆ పాత్రల మధ్య ప్రేమ గురించి తామెవరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదని మెక్లీన్ 1995లో వచ్చిన ‘ద సెల్యులాయిడ్ క్లోజెట్’ డాక్యుమెంటరీలో చెప్పింది. తెరవెనుక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

ఇక్కడే నిషేధం నుంచి స్వేచ్ఛకు అన్న గీత చెదురుతుంది. అబద్ధపు కథనంలో మార్తా బతికింది. నిజమైన కథనంలో చనిపోయింది. దీన్నిబట్టి నిషేధమే మేలని వాదించడానికి లేదు. ‘దీజ్ త్రీ’లో బతికిన మార్తా వేరే మనిషి. తెరపైకి రావడానికి, తెరపై జీవించడానికి మధ్య దూరం చాలా ఉందని మాత్రమే దీని అర్థం. 1968 నవంబరులో నియమావళి స్థానంలో వర్గీకరణ వచ్చింది. పెద్దలకు మాత్రమే అన్న ఎక్స్ ముద్రతో విడుదలైన ‘మిడ్‌నైట్ కౌబాయ్’ 1970లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది. 2005లో ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ వచ్చేనాటికి కూడా ఇద్దరు ప్రేమికులలో ఒకరి మరణం కథకు అవసరమైంది. ఇద్దరూ బతికి, ఒకరి భుజంపై మరొకరు తలవాల్చిన కథ ఉత్తమ చిత్రంగా నిలిచింది 2016 నాటి ‘మూన్‌లైట్’తోనే. పేరు చెప్పడానికి అనుమతి లభించిన యాభై అయిదేళ్ళ తరువాత.

వైలర్ రెండవ చిత్రం చివరి దృశ్యం శ్మశానంలో జరుగుతుంది. మార్తా అంత్యక్రియలు ముగిశాయి. పాఠశాలను మూయించిన ఊరి పెద్దలు, క్షమాపణ చెప్పుకున్న మేరీ నాయనమ్మ, ఒకప్పుడు పెళ్ళాడవలసిన జో దూరంగా నిలబడి ఉంటారు. కారెన్ తల ఎత్తి, ఎవరి వైపూ చూడకుండా, వారందరినీ దాటుకుని నడిచి వెళ్ళిపోతుంది. ఆ ముఖంలో ఉన్నది స్నేహితురాలి కోసం దుఃఖమా, అంతకన్నా ఎక్కువైనదా అన్నది చిత్రం చెప్పదు.